బొరియల పట్టీ, నెమలి ల్యాప్‌టాప్

పాలవాగు ఒడ్డున ఒక ఇప్పచెట్ల అడవి ఉండేది. అందులో కుందేళ్లు, ముంగిసలు, అలుగులు, దుప్పులు, నెమళ్లు బతికేవి. ఎలుగుబంటి వాటికి పెద్ద.

ఆ అడవికి ఒక కట్టుబాటు ఉంది. ఏటా తొలకరికి ముందు ముసలి ముళ్లపంది ల్యాప్‌టాప్‌లో బొరియల పట్టీ రాసేది. ఎవరు ఎక్కడున్నారు, పిల్లలెన్ని, గుడ్లెన్ని, అన్నీ అందులో ఉండేవి. వాగు పొంగితే ఒక మగనెమలి గుట్టెక్కి, ఆ పట్టీ చూసి పేరుపేరునా కూత వేసేది. దుప్పులు వీపున గంపలు కట్టుకుని పరుగున వెళ్లి పిల్లలనూ గుడ్లనూ మెరకకు చేర్చేవి.

ఆ ఏడు పట్టీ పూర్తయిన మర్నాడే పాత ల్యాప్‌టాప్ పాడైపోయింది. పట్టీ మాత్రం పెన్‌డ్రైవ్‌లో మిగిలింది. కొత్తది చూడమని ముళ్లపందికీ నెమలికీ ఎలుగుబంటి చెప్పింది.

ముళ్లపంది ఒక లావుపాటి ల్యాప్‌టాప్ తెచ్చింది. అందులో ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. నెమలి తెచ్చినది ఆకంత పలచన. దాని తెర మెరుపు చూసి అడవంతా చుట్టూ మూగింది.

"నాయనా, పట్టీ తెరిచి చూశావా?" అని ముళ్లపంది అడిగింది. "మనది పాత తెలుగు ఫాంటులో ఉంది. నా దాంట్లో మొదట అక్షరాల బదులు అన్నీ ఖాళీ డబ్బాలే కనిపించాయి. ఆ ఫాంటు వెతికి ఎక్కించేసరికి రెండు రోజులు పట్టింది."

"ఇంత ఖరీదైనదానికి ఆ మాత్రం చేతకాదా అవ్వా?" అని నెమలి నవ్వింది. "నీ డొక్కుదానితో దీన్ని పోల్చకు."

ఎలుగుబంటి కూడా ఆ మెరుపుకే తల ఊపింది. పై పటారం చూస్తే పెద్దలకైనా కళ్లు చెదురుతాయి మరి. నెమలి వారం రోజులూ ఆ తెర మీద తన నాట్యమే చూసుకుంది. పట్టీ జోలికి పోలేదు.

ఎనిమిదో నాడు పొద్దున వాగు పొంగింది. నెమలి గుట్టెక్కి, పెన్‌డ్రైవ్ పెట్టి పట్టీ తెరిచింది. తెర నిండా ఖాళీ డబ్బాలే. ఒక్క పేరూ లేదు.

"త్వరగా చదువు!" అని కింద దుప్పులు అరిచాయి.

కనిపించడం లేదని చెప్పడానికి నెమలికి నామోషీ అనిపించింది. ఒక మీట కాకపోతే ఇంకొకటి నొక్కుతూ కూర్చుంది. నీళ్లు ఒడ్డు దాటాక గానీ, "అవ్వను పిలవండి" అని నోరు తెరవలేదు.

ముళ్లపంది తన ల్యాప్‌టాప్ మోసుకొచ్చి చదివింది. నెమలి కూత వేసింది. కుందేలు పిల్లలు, ముంగిస పిల్లలు, అలుగు తల్లీబిడ్డా ఒక్కొక్కటిగా మెరకకు చేరాయి.

చివరి వరుస దగ్గర ముళ్లపంది గొంతు తగ్గింది. "రేగుపొద కింద నెమలి గూడు. గుడ్లు నాలుగు."

రేగుపొద అప్పటికే మునిగిపోయింది. నెమలి జోడైన ఆడనెమలి తడిసిన రెక్కలతో గట్టు మీద నిలబడి ఉంది.

"గూడు ఎక్కడ పెట్టానో పట్టీలో రాయించాను కదా," అంది అది మగనెమలితో. "నువ్వు పిలుస్తావని చూస్తూ కూర్చున్నాను."

నెమలి తల వంచుకుని ఏడ్చింది.

మరుసటి ఏడు తొలకరికి చాలా ముందే నెమలి ముళ్లపంది బొరియ ముందుకొచ్చి నిలబడింది. "అవ్వా, పట్టీ ఒకసారి తెరువు," అంది. "మొదట చివరి వరుస కనిపిస్తోందేమో చూద్దాం."

నీతి: పనిముట్టు మెరుపు చూసి మురిసిపోకు, ఆపద రాకముందే నీ పని దాని చేత చేయించి చూసుకో.