మహారాజు గారి ఖాళీ గిన్నె

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే ఎవరికో పౌరుషం పొడుచుకొస్తుంది గనక చెప్పను, ప్రతాపకేసరి అనే రాజు ఉండేవాడు. తనంత ఉదారుడు భూమ్మీద లేడని ఆయన నమ్మకం. ఒకనాడు దండోరా వేయించాడు: "ఇకమీదట గంజాయి ఆకుతో చేసే భంగు ఎవరైనా తాగవచ్చు, ఎవరైనా అమ్మవచ్చు!" జనం జేజేలు కొట్టారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా! కోట బయటి దారులన్నీ సామంతుడివి. "రాజుగారు తాగమన్నారు సరే, నా దారిన మోయమన్నారా?" అని ఆయన, భంగు గాని, ఆకు గాని మోసినవాళ్లకు చెర విధించాడు. కోట లోపలి ఊరికి పురాధికారి వేరే. "తాగితే తాగండి, నా ఊళ్లో అమ్మితే మాత్రం ఊరుకోను" అన్నాడు ఆయన.

కొండమీద ఆకు పండించే పోలయ్య, పాపం, దండోరా నమ్మాడు. మూట నెత్తికెత్తుకుని బయల్దేరాడో లేదో సామంతుడి భటులు పట్టుకుని చెరలో వేశారు. భార్య అంకమ్మ ముగ్గురి గుమ్మాలకూ కాళ్లరిగేలా తిరిగింది.

"నా చట్టంలో నీ మొగుడి తప్పేమీ లేదు. కానీ దారి నాది కాదే!" అన్నాడు రాజు ఎంతో దయగా. మిగతా ఇద్దరూ రాజునే అడగమన్నారు.

చివరికి ఆస్థాన విదూషకుడు చెన్నయ దగ్గరికి వచ్చింది. "అయ్యా, చెరలో ఆయనకు దగ్గు ముదిరింది. నెత్తురు పడతా ఉందంట. రాజుగారిని నవ్విస్తారో ఏడిపిస్తారో, మావోణ్ణి బయటికి తెప్పించండి."

చెన్నయకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు భంగు నూరు, అంకమ్మా. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు.

కాముని పున్నమి వచ్చింది. ఆనాడు కోటవాకిట రాజు మొదటి గిన్నె భంగు తాగితేగాని ఊళ్లో ఎవరూ రంగు చల్లకూడదు. తాతల నాటి ఆచారం. ఆ ఏర్పాటు చెన్నయ తన మీద వేసుకున్నాడు. జనం రంగులు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. చెన్నయ వెండిగిన్నె తెచ్చి రాజుకు అందించాడు.

రాజు లోపలికి చూశాడు. "ఖాళీగా ఉందేమిటోయ్?"

"భంగు పొలిమేర దగ్గర ఉంది మహారాజా. ఇక్కడిదాకా మోస్తే సామంతులవారు చెరలో వేస్తారు."

"అయితే ఊళ్లోనే కొనుక్కురా!"

"ఊళ్లో అమ్మితే పురాధికారిగారు తోలు తీస్తారు."

రాజు మొహం కందగడ్డ అయింది. "నేనే పొలిమేరకు వెళ్లి తాగుతాను!"

"నిక్షేపంగా వెళ్లవచ్చు. తిరిగి రావడమే చిక్కు. కడుపులో పెట్టుకుని ఆ దారినే రావాలి కదా, అదీ మోతే అంటారేమో!"

"మరి నేనెలా తాగేది?"

"తాగే హక్కు తమరు అందరికీ ఇచ్చారు మహారాజా. పోలయ్యకు ఇచ్చినట్టే. తాగండి" అని చెన్నయ ఖాళీ గిన్నెను ఇంకాస్త ముందుకు జరిపాడు.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు ఓ క్షణం పళ్లు కొరికి, మరుక్షణం పగలబడి నవ్వాడు. సామంతుడూ పురాధికారీ కూడా నవ్వారు. రాజుగారి గిన్నెకు అడ్డు లేదని ఇద్దరూ అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు. భంగు వచ్చింది, రాజు తాగాడు, రంగులు లేచాయి.

"శభాష్ చెన్నయా!" అని రాజు తన శాలువా తీసి అతనికి కప్పాడు. "ఏం కావాలో కోరుకో."

"పోలయ్యను విడిపించండి."

"ఓస్, అంతేనా! మా ముగ్గురి ఆజ్ఞలకూ పొంతన కుదరకే ఈ గొడవంతా. ఇవాళ్టి నుంచి వాటిని సరిచూసే నాలుగో అధికారివి నువ్వే. ముగ్గురి సమ్మతీ తెచ్చుకుని, నీ ముద్ర వేసి వాణ్ణి విడిపించు!"

జనం మళ్లీ జేజేలు కొట్టారు. చెన్నయకు భుజాల మీది శాలువా బరువైంది. ఆ ముగ్గురి సమ్మతి ఎప్పటికి వస్తుందో, అప్పటికి పోలయ్య ఉంటాడో లేడో అతనికి తెలుసు. గెలిచానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

అంకమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆ శాలువా వంక చూసి దణ్ణం పెట్టింది.

"ఇన్నాళ్లూ మూడు గుమ్మాలే తిరిగాను అయ్యా. రేపటి నుంచి మీ గుమ్మానికీ రావాలన్నమాట."