గుమ్మంలో ఇరుక్కున్న చాప

అనగనగా వెబ్‌సైటు ఉన్న రాజ్యం ఒకటుండేది. దాని ఆస్థాన డిజైనర్ని నేనే. నా తెలివికి నేనే దండం పెట్టుకునే రోజులవి. పేజీని పన్నెండు నిలువు గళ్లకి బిగించేసే రెడీమేడ్ చట్రం, అదే ఫ్రేమ్‌వర్క్ ఒకటి ఎంచి, సైటు కట్టి, దర్బారు గోడంత తెర మీద రాజుగారికి చూపించి శాలువా కప్పించుకున్నాను.

సంతలో చోటు కావాలంటే ఆ సైటులోనే అర్జీ పెట్టాలి. చాపలల్లే అచ్చియ్యమ్మ వచ్చింది.

"బాబూ, నా ఫోన్లో అర్జీ బటన్ అంచు దాటిపోయింది. వేలికి అందట్లేదు. గడువు వారమే."

"తప్పు సైటుది కాదు, పెద్ద ఫోన్ కొనుక్కో," అన్నాను. పనిలో పనిగా నా గదికో చాప కూడా పురమాయించాను.

గడువు చివరి రోజున నలుగురు చాప చుట్ట మోసుకొచ్చి తోస్తే అది గుమ్మంలో ఇరుక్కుంది. లోపల నేను.

"ఇంత చాపేంటి?" అని అరిచాను.

"దర్బారు కొలతకి అల్లాను బాబూ. తప్పు చాపది కాదు, పెద్ద గది కట్టుకోండి."

సందులోంచి తన ఫోన్ అందించింది. పాతది పీకేసి, ఏ తెరకైనా ఒదిగే ఫ్రేమ్‌వర్క్ పెట్టాను. బటన్ ఆవిడ వేలికి అందాకే చాప కదిలింది.

మర్నాడు సంతకెళ్లి చూద్దును కదా, దర్బారు కొలతన్న ఆ చాప ఆవిడ కొత్త చోటుకి అంగుళం తేడా లేకుండా సరిపోయింది.