దూలానికి వేలాడిన ఉప్పుచేప

ఇటలీ ఉత్తరాన కొండల్లో కరువొచ్చింది. ఏ సీమ తిండైనా తనకు తెలుసని గొప్పలు పోయే ఉబాల్దో దొర ఇల్లిల్లూ చూసి గింజలు పంచుతున్నాడు. విధవరాలు ఓర్సొలా గుడిసెలో, దూలానికి దారంతో వేలాడుతున్న ఉప్పుచేప ఆయన కంటపడింది.

“చేపలు తినేవాళ్లకు గింజలెందుకు?” అన్నాడు.

ఓర్సొలా మొక్కజొన్న సంకటి పెట్టింది. “ఆ చేపతో దీన్ని మా కొండల్లో ఎలా తింటారో తిని చూపించండి దొరా. సరిగ్గా తింటే గింజలివ్వకండి.”

దొర చేపను తెంపుకుని, ముళ్లు తప్ప ఏమీ మిగల్చకుండా సంకటితో తినేశాడు.

“మేం చేపను కొరకం దొరా. ముద్దను దానికి రాసుకుని తింటాం. చలికాలమంతా పిల్లలకు అదే కూర.”

దొర మొహం మాడింది. గింజల బస్తా దింపించాడు.

ఆ పూట కుండ నిండా సంకటి ఉడికింది. పిల్లలు ఎప్పటిలాగే ముద్దలు పైకెత్తి, ఉత్త దారానికి రాసుకుని తిన్నారు.