ఒక్కరోజు మూసిన సంత

ఈ కథ నాకు మొదట చెప్పింది మా జాలరిపేట మైలపల్లి నూకరత్నం. కథ ఆమె తమ్ముడు పోలారావుది. బయట ఎవరెలా చెప్పుకున్నా, నేను ఆమె నోట విన్నదే చెబుతాను.

పోలారావు విశాఖపట్నంలో పెద్ద ప్రొఫెసరు. నగరాన్ని నగరంతో పోల్చి చూడడంలో ఆయనంతటివాడు లేడు గానీ, ఎవరినీ ఏదీ అడిగేవాడు కాడు. ఆఫ్రికా నగరాల మీద లావుపాటి పుస్తకాలు రాశాడు. ఏ బజారు బతుకుతుందో, ఏది మూతపడుతుందో చూడగానే చెప్పేవాడు. ఆయన మాటంటే సర్కార్లకే గురి.

ఒకసారి ఘనా దేశంలో ఒక పట్నం పెద్దలు ఆయన్ని పిలిపించారు. ఊరి నడుమ ఆడవాళ్ళు పెండలం దుంపలు అమ్మే పాత సంత ఉంది. దాన్ని ఉంచాలా, తీసేసి బస్టాండు కట్టాలా? ఆయనే తేల్చాలి.

అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పే అకోసువా ఆయన్ని సంతకు తీసుకెళ్ళింది. బల్లలన్నీ ఖాళీ. ఒక మేక బల్లెక్కి పడుకుని ఉంది.

"ఇది ఎప్పుడో చచ్చిన సంత," అన్నాడు పోలారావు.

"ఇవాళెందుకో మూశారు సార్. పక్క సందులో అడిగి వద్దాం, రండి."

"నాకు కళ్ళున్నాయమ్మా! నువ్వు అడుగుతూ కూర్చో. నాకు విమానం వేళయింది," అని నవ్వాడు.

సంత అక్కర్లేదని రాసిచ్చి వచ్చేశాడు. అదే మాట పుస్తకంలోనూ వేశాడు.

కొన్నేళ్ళకు మళ్ళీ ఆ పట్నం వెళ్ళాడు. సంత ఉన్నచోట బస్టాండు. బస్సుల పొగలో, రోడ్డు అంచున ఆడవాళ్ళు దుంపలు పోసుకుని కూర్చున్నారు. ఒక ముసలామె చక్రం కింద నలిగిన దుంపల్ని కొంగులోకి ఏరుకుంటోంది.

"వీళ్ళిక్కడ కూర్చున్నారేం?" అని అకోసువాను అడిగాడు. అడగడం అదే మొదలు.

"మీరు చచ్చిందన్న సంత వీళ్ళదే సార్. ఆ రోజు సంతను నడిపే వీళ్ళ పెద్దావిడ పోయింది. పెద్ద పోతే ఆ రోజు ఎవరూ అమ్మకానికి కూర్చోరు. నేను కనుక్కుని ఊరి పెద్దలకు చెప్పాను. అంతటాయన రాసిచ్చాక నీ మాటేమిటన్నారు. మీ దేశంలో ఇలాంటిది లేదా సార్?"

పోలారావుకు తండ్రి పోయిన రోజు కళ్ళముందు కదిలింది. ఆ రోజు జాలరిపేటలో ఒక్క తెప్ప కూడా వేటకు కదల్లేదు. తెప్పలన్నీ ఒడ్డునే పడి ఉన్నాయి. పొరుగూరివాడెవడైనా చూసి ఉంటే, ఈ పేట పని అయిపోయిందనే అనుకునేవాడు.

ఇంటికొచ్చి తప్పు దిద్దుతూ రాయబోయాడు. పేరు పోతుందని కలం ఆగిపోయింది. రేపు, రేపు అంటూనే మంచం పట్టాడు.

"అప్పా, బతికున్న సంతను చంపేశానే," అని అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"అయితే ఆ మాటే రాయరా నాయనా," అంది నూకరత్నం.

అప్పటికి ఆ చేతిలో కలం నిలవలేదు.

ఆ పుస్తకం ఇంకా యూనివర్సిటీలో ఉందట. అందులో ఆ సంత ఇంకా చచ్చే ఉందట. మా పేటవాడే అయినా ఈ ఒక్కటీ నేను వదిలిపెట్టను. చదువుకున్నవాళ్ళెవరైనా ఆ మాట కొట్టేసి, ఆ రోజు వాళ్ళ పెద్దావిడ పోయిందని రాయండి.

అడగకుండా తీర్పు చెప్పడం తప్పు. తప్పని తెలిశాక కూడా పేరు కోసం దిద్దకపోవడం అంతకన్నా పెద్ద తప్పు.