మడిచీరా, పాయసం ముంతా

ఏ రాజు ఏలుబడిలో జరిగిందో మరిచిపోయారు గాని, తిథీ వారం వేళా మాత్రం ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటూనే వచ్చారు. అది కార్తిక శుద్ధ ద్వాదశి, గురువారం. సూర్యుడు నడినెత్తి దాటి పడమటికి కాస్త వాలిన వేళ.

ఆ వేళకు ఏనుగుమల అడవిలో, ఊటచెలమ పక్కన, ఉసిరిచెట్టు కింద పేరిందేవమ్మగారి ఇంటివాళ్ళ వనభోజనం ముగిసింది.

అడవి అంచున మునిపల్లెలో వాళ్ళది నెయ్యీ బెల్లం అమ్మే ఇల్లు. ఏటా కార్తికంలో ఏకాదశి నాడే బళ్ళు కట్టుకుని వచ్చేవారు. డేరాలు వేసుకుని, ఆ రాత్రి ఉపవాసం ఉండేవారు. తెల్లవారి ఉసిరిచెట్టుకు పసుపూ కుంకుమా పెట్టి, దారం చుట్టి, దాని నీడలో భోజనాలు చేసి వెళ్ళేవారు.

ఆ ఏడు పేరిందేవమ్మ ఒక వ్రతం పట్టింది. ఆవిడ కోడలు మంగతాయారుకు అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ నెల తప్పి ఆరో నెలలో పడింది. తొలి ఏకాదశి నాడే పేరిందేవమ్మ దేవుడి ముందు నిలబడి ఒక మాట ఇచ్చింది. నాలుగు నెలలు పగలు అన్నం ముట్టదు. మడి విడవదు. ఎవరి ఎంగిలీ తాకదు. ద్వాదశి సాయంకాలం తులసికోటలో ఉసిరికొమ్మ నాటి నేతిదీపం పెట్టేదాకా ఇందులో ఏది తప్పినా వ్రతం చెడినట్టే. కోడలి కడుపు మాత్రం నిలబెట్టమని వేడుకుంది.

నాలుగు నెలలూ గడిచాయి. ఇక మిగిలింది ఆ ఒక్క సాయంకాలం.

పేరిందేవమ్మ తప్ప అందరి భోజనాలూ అయ్యాక విస్తళ్ళ దగ్గర పేచీ వచ్చింది. ఇంట్లో అయితే ఎంగిలి విస్తళ్ళు ఎత్తేది పనిమనిషి ముత్యాలు. ఆమెకు జ్వరం వచ్చి ఊళ్ళోనే ఉండిపోయింది. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళ వంక చూశారు. కొడుకు వరదశెట్టి మీసం తుడుచుకుంటూ, ముత్యాలు లేకపోతే మన ఇంటి పరువు ఈ ఆకుల్లోనే ఉండిపోయేట్టుందే అని నవ్వాడు. నవ్వాడే గాని వంగలేదు.

పేరిందేవమ్మ తీర్పు చెప్పేసింది.

"ఎంగిలి ముట్టినవాళ్ళు తలారా స్నానం చెయ్యందే నా బండి ఎక్కడానికి వీల్లేదు. అడవి అంటే స్వామి ఇల్లు. ఆయన ఇల్లు ఆయన చూసుకుంటాడు. పదండి."

అంతకంటే కావలసిందేముంది? విస్తళ్ళు వేసినచోటే ఉండిపోయాయి. మట్టిపాత్ర ఎంగిలైతే మళ్ళీ ఇంటికి తీసుకుపోరు గనక, పాయసం ముంతలు పొదల్లోకి గిరాటేశారు. ఇత్తడి గిన్నెలు చెలమలోనే తోమారు. పొయ్యిమీద చారెడు బూడిద చల్లి, ఆరిందన్నారు.

మగవాళ్ళు డేరాలు విప్పుతుంటే పేరిందేవమ్మ ఉసిరిచెట్టు దగ్గరికి వెళ్ళి, పూజకు ఒక చిన్న కొమ్మ అడిగి తుంచుకుంది. అప్పుడు కొమ్మల్లోంచి ఒక ఉడుత దిగివచ్చింది.

"తల్లీ, పొద్దున నువ్వు పాడుతుంటే అడవంతా చెవి ఒగ్గి విన్నది," అంది ఉడుత. "కాని పొయ్యి ఇంకా బతికే ఉంది. బూడిద కింద ఎర్రగా కన్ను తెరుచుకునే ఉంది. గాలి మా చెట్టు వైపుకే."

"సాయంత్రానికి మంచు పడుతుంది, అదే ఆరుతుంది," అంది పేరిందేవమ్మ.

"మంచు పడేదాకా మేం ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి కాబోలు," అని గొణుక్కుంటూ ఉడుత పైకి ఎక్కిపోయింది.

ఆవిడ కాళ్ళు కడుక్కుందామని చెలమ దగ్గరికి వెళ్ళింది. నీటి మీద నూనె తెట్టు రంగురంగులుగా మెరుస్తోంది. ఆ తెట్టును మూతితో తోసుకుంటూ ఒక ముసలి తాబేలు తల ఎత్తింది.

"అమ్మా, నీళ్ళు పట్టుకుపోయి అవతల గట్టున తోముకోవచ్చు గదా. ఇందులోనే తోమేశారు," అంది.

"ఊటనీరు తాతా. దాన్ని అదే కడుక్కుంటుంది."

"ఇది ఏరు కాదమ్మా, పారి పోవడానికి. రాతి సందుల్లోంచి చుక్కచుక్కగా ఊరే నీళ్ళు. మీ తులసికోట చుట్టూ అరుగెంత ఉంటుందో అంతే మా చెలమ. వేసవి దాకా ఈ కొండలో అందరి దప్పికా ఇక్కడే తీరాలి."

పేరిందేవమ్మ కుచ్చిళ్ళు సర్దుకుంది. పొద్దుపోతోంది, మళ్ళీ ఏడు వచ్చినప్పుడు చూద్దాంలే అనేసి బండెక్కింది.

ఒడిలో ఉసిరికొమ్మ. పక్కన దీపానికి దాచిన నేతిగిన్నె. ఎదురుగా మంగతాయారు. బళ్ళు కదిలాయి.

దారి మలుపు తిరిగేసరికి ఎడ్లు ఆగిపోయాయి. దారికి అడ్డంగా ఒక తల్లిజింక నిలబడి ఉంది. దాని పక్కన పిల్ల. పిల్ల ముఖం లేదు. ముఖం ఉండవలసిన చోట పాయసం ముంత ఉంది. తీపివాసనకు మూతి పెట్టి, మెడదాకా ఇరుక్కుపోయింది. ముంతలోంచి ఊపిరి బుసబుసమని వినిపిస్తోంది. అడుగు వేయబోయి రాతికి తగులుతోంది, పడుతోంది, లేస్తోంది.

"ఈ ముంత మీ ఇంటిదేనా అమ్మా?" అని అడిగింది జింక.

కోపం లేదు ఆ గొంతులో. దారి అడిగినట్టు అడిగింది. పేరిందేవమ్మ వంగి చూసింది. ముంత అంచున తను పెట్టిన పసుపు బొట్టు ఇంకా చెరగలేదు.

వరదశెట్టి బండి దిగి, చేతికర్రతో ముంతను పగలగొడతానన్నాడు. అతని అడుగుల చప్పుడుకే పిల్ల బెదిరి పరుగెత్తింది. కొండచరియ అంచుదాకా వెళ్ళి, తల్లి అడ్డుపడితే ఆగింది. కర్ర తగిలితే లోపల పిల్ల తల కూడా పగులుతుందని అప్పుడు తట్టింది అతనికి. కర్ర కింద పారేశాడు.

మంగతాయారు దిగింది. నెమ్మదిగా దగ్గరికి వెళ్ళింది. కాని కడుపుతో వంగలేకపోయింది. ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని, ఇంకో చెయ్యి చాచి, అందక అలాగే నిలబడింది.

అప్పుడు జింక బండి వైపు చూసింది. "మీ పాట దానికి తెలుసమ్మా. పొద్దున పొదచాటున నిలబడి విన్నది. మీరు పిలిస్తే వస్తుంది."

వరదశెట్టి తల్లి దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు, పొద్దు వాలిపోతోందని. ఇంకొక్క ఘడియ ఆలస్యమైతే పూజవేళ దాటుతుందని. నాలుగు నెలల పుణ్యం ఒక్క ముంత దగ్గర పోగొట్టుకోవద్దని. అడవిలో పుట్టిన జంతువు, దాని రాత దానిది అన్నాడు.

పేరిందేవమ్మ ఉసిరికొమ్మను చూసుకుంది. మడిచీర కొంగును చూసుకుంది. ఆ ఎంగిలి ముంత ముట్టుకుంటే, తను నోటితో ఇచ్చిన మాట తన చేత్తోనే తుడిచేసినట్టు. కోడలి కడుపు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?

మంగతాయారు వెనక్కి తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి గాని గొంతు నిలకడగానే ఉంది.

"అత్తయ్యా, వ్రతం నా కోసం పట్టారు. కాబట్టి నేనే అడుగుతున్నాను. దాని తల్లి కూడా మనలాగే మొక్కుకునే ఉంటుంది గదా. దిగండి."

పేరిందేవమ్మ దిగింది. ఉసిరికొమ్మను కోడలి చేతికిచ్చి, నేతిగిన్నె తీసుకుని, దారి మధ్య దుమ్ములో చతికిలబడింది. పొద్దున చెట్టు దగ్గర పాడిన పాటే సన్నగా ఎత్తుకుంది. పిల్ల ఆగింది. చెవులు ముంతలో ఉన్నా ఎలా విన్నదో, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి ఆవిడ ఒడిలో పడింది.

దీపానికి దాచిన నెయ్యి అంతా ముంత మెడ చుట్టూ పోసింది. వేళ్ళు లోపలికి దూర్చి, బొచ్చును సర్దుతూ, కొద్దికొద్దిగా తిప్పింది. ముంతలో మిగిలిన పాయసం మోచేతుల దాకా కారింది. మడిచీర తడిసింది. పాట మాత్రం ఆపలేదు. చివరికి ముంత జారి ఊడివచ్చింది.

లోపల ఇంత చిన్న ముఖమా అనిపించింది ఆవిడకు.

పిల్ల రొప్పుతూ కాసేపు ఆ ఒడిలోనే పడుకుంది. తర్వాత ఆవిడ అరచెయ్యి నాకింది. తర్వాత తల్లి పొట్ట కిందికి దూరింది. జింక తల వంచి అంది:

"మేలు మరవనమ్మా. కాని పొదల్లో ఇంకా ముంతలున్నాయి. మా వాళ్ళకింకా పిల్లలున్నారు."

పేరిందేవమ్మ పొదల వైపు చూసింది. లేచి, చేతులు కడుక్కోవడానికి చెలమ వైపు నడిచింది. నీళ్ళలో వేళ్ళు ముంచబోయి ఆగింది. తెట్టు మధ్యనుంచి తాబేలు చూస్తోంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, గట్టున ఎండుటాకులతో, ఇసకతో నెయ్యంతా రుద్దుకుని తిరిగివచ్చింది. తాబేలు నెమ్మదిగా తల లోపలికి తీసుకుంది.

ఇల్లు చేరేసరికి పూజవేళ దాటిపోయింది. పేరిందేవమ్మ స్నానం చేసి, తులసికోటలో ఉసిరికొమ్మ నాటింది. మడితో కాచిన నెయ్యి ముంతకే అయిపోయింది, అంగడి నెయ్యి దీపానికి పనికిరాదు గనక, వంటకు ఉంచిన నువ్వులనూనెతో దీపం పెట్టింది. చేతులు జోడించింది.

"స్వామీ, మాట తప్పాను. నీ ఇంటికి వచ్చి, నా మడి కాపాడుకుని, నీ వాకిలంతా ఎంగిలి చేసి వచ్చాను. శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యి. పసిగుడ్డు జోలికి పోకు."

దీపం మామూలుగానే వెలిగింది. ఏ మాటా వినిపించలేదు.

మర్నాడు పొద్దున ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు. పేరిందేవమ్మ మామూలు చీర బిగించి కట్టుకుని, గంప చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి, వరదశెట్టి అప్పటికే బళ్ళు కట్టించి, బావినీళ్ళు కాగుల్లో నింపుతున్నాడు. నిన్నటి విస్తళ్ళ నవ్వు అతని ముఖంలో లేదు. బంధువులంతా తలొక బుట్టా పట్టుకుని ఎక్కారు.

వెళ్ళి చూస్తే ఉడుత చెప్పినంతా అయింది. పొయ్యిలో నిప్పు ఎండుగడ్డి పట్టుకుని పాకి, ఉసిరిచెట్టు మొదలు ఒక పక్క నల్లగా కాల్చింది. ఇంకా పొగ వస్తోంది. ఇంటినుంచి తెచ్చిన నీళ్ళే పోసి, చల్లబడిందని చేత్తో తాకి చూసుకునేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత పొదలన్నీ వెతికి ముంతలు ఏరారు. ఎండుటాకుల దోనెలతో చెలమమీది తెట్టు తీసి, దూరంగా గొయ్యి తవ్వి పోశారు.

విస్తళ్ళ దగ్గర మళ్ళీ ఒక్క క్షణం ఆగారు. గాలికి చెల్లాచెదురై, ఏ విస్తరి ఎవరిదో తెలియకుండా కలిసిపోయాయి. ఎవరి ఎంగిలి ఎవరు ఎత్తాలి? పేరిందేవమ్మ ముందుగా వంగి, చేతికి అందిన విస్తరి మడిచి గంపలో వేసింది. ఎవరిదో తెలియదు గనక అన్నీ తమవే అనుకుని అందరూ వంగారు.

మంగతాయారు ఒక రాతిమీద కూర్చుని, నేలమీద పడిన దారాలన్నీ ఏరి ఉండ చుడుతోంది. ఉన్నట్టుండి చెయ్యి ఆగింది.

"అత్తయ్యా, ఇటు రండి. కదులుతోంది."

పేరిందేవమ్మ వచ్చింది. ఆవిడ చేతుల నిండా మసి, ఎంగిలి, మట్టి. మడి సంగతి కోడలు అడగలేదు, అత్త తలుచుకోలేదు. ఆ చేత్తోనే కడుపు మీద తాకింది. లోపలినుంచి చిన్నగా, గట్టిగా, ఒక తన్ను తగిలింది. ఉసిరిచెట్టు కొమ్మ మీద ఉడుత పని మానుకుని చూస్తూ ఉండిపోయింది.

ఆనాటినుంచి ఆ ఇంట ఎవరి విస్తరి వాళ్ళే ఎత్తుకుంటారు, ఇంట్లోనైనా అడవిలోనైనా.

తన ఒళ్ళు శుభ్రంగా ఉంచుకోవడానికి ఇంకొకరి చోటు మురికి చేసేది మడి కాదు. కూర్చున్న చోటును కూర్చోకముందు ఉన్నట్టే అప్పగించి లేవడమే ఏ పూజకైనా చివరి నమస్కారం.