వాన పడని బొమ్మ

గౌరినాయుడు వేసిన బొమ్మలో అన్నీ ఉన్నాయి. వానొక్కటే పడటం లేదు.

ఈ మాట ఇంకెవరన్నా అని ఉంటే నవ్వి ఊరుకునేవాడు. విజయనగరంలో పన్నెండేళ్లు సినిమా బోర్డులు రాసిన చెయ్యి అతనిది. నిచ్చెనెక్కి, ముందుగా కొలతల గళ్లయినా గీసుకోకుండా, ముప్పై అడుగుల హీరో మొహం దించేసేవాడు. ఆ పనులు తగ్గిపోయాక, నూనె రంగుల్లో కొండలూ మబ్బులూ వెయ్యడం నేర్చుకోవాలని వలీ మాస్టారి దగ్గర చేరాడు. ఇప్పుడా మాట అన్నది ఆ మాస్టారే.

"బాగుంది నాయుడూ. వానెప్పుడొస్తుంది?" అన్నారాయన, కేన్వాసు ముందు కాసేపు నిలబడి.

గౌరినాయుడికి చురుక్కుమంది. ఇరవై రోజుల కష్టమది. శుక్రవారానికల్లా విశాఖపట్నం ఎగ్జిబిషన్‌కి చేరాలి. మాస్టారి ఇంటి ఎదురుగా ఉన్న కొండనే వేశాడు. దానిమీద సన్న కుంచెతో వందల కొద్దీ తెల్లగీతలు గీశాడు. ఒక్కటంటే ఒక్కటి వంకర పోలేదు.

"ఇదంతా వానే కదండీ!"

"ఆ చెట్లెన్ని?"

"పదిహేడు తాడిచెట్లండి. కొండెక్కి లెక్కపెట్టి మరీ వేశాను. పైన మండపానికి నాలుగు స్తంభాలు. అవి కూడా తప్పలేదు."



మర్నాడు మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. చూస్తూండగానే వాన అందుకుంది. మాస్టారు కేకేసి కేన్వాసుని వరండాలోకి తెప్పించారు. స్టాండు మీద పెట్టించి, కొండవైపు చెయ్యి చూపించారు.

"ఇప్పుడు లెక్కపెట్టు."

గౌరినాయుడు కళ్లు చికిలించి చూశాడు. ఆరు కనిపించాయి. ఏడోది చెట్టో, చిక్కబడ్డ వానో తెలియలేదు. మండపం జాడే లేదు.

"ఆరండి. కానీ మిగతావి అక్కడే ఉన్నాయండి. నాకు తెలుసు కదా."

మాస్టారు కేన్వాసు దగ్గరికొచ్చి, మండపం మీద బొటనవేలు ఆనించి, కిందికి ఒక్క లాగు లాగారు. ముసురు రోజులు కావడంతో రంగింకా పచ్చిగానే ఉంది. నాలుగు స్తంభాలూ ఒక్క మసకలో కలిసిపోయాయి.

"మాస్టారూ!"

ఆయన వేలు లుంగీకి తుడుచుకుని, టీ పెట్టుకోవడానికి లోపలికెళ్లారు.

గౌరినాయుడికి ఒళ్లు మండిపోయింది. బొమ్మ తీసుకుని వెళ్లిపోదామని రెండు చేతులా ఫ్రేము పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు అలాగే ఆగిపోయాడు. ఎదుట కొండ కొమ్మున ఏ బూడిదరంగు తేలాడుతోందో, మాస్టారి వేలు లాగినచోట అచ్చం అదే ఉంది. బొమ్మ మొత్తానికి వాన కురుస్తున్నది అక్కడొక్కచోటే.

ఫ్రేము వదిలేశాడు. రంగుల పెట్టెలోంచి పాత గుడ్డపీలిక తీశాడు. ఇన్ని రోజులూ ప్రాణం పెట్టి గీసిన తెల్లగీతల మీద పైనుంచి కిందికి లాగాడు. మొదటిసారి మెల్లగా, రెండోసారి గట్టిగా. ఒక్కొక్క చెట్టే కరిగిపోతూంటే కొండ వెనక్కి జరిగింది, మబ్బు కిందికి దిగింది.

మాస్టారు రెండు గ్లాసులతో బయటికొచ్చేసరికి కేన్వాసు మీద ఆరు చెట్లు మిగిలాయి.

"ఇక చాలా మాస్టారూ?"

"నన్నడుగుతావేం? వాననడుగు."

గౌరినాయుడు కొండవైపు తిరిగాడు. చేతిలో టీ చల్లారిపోయేదాకా చూశాడు. తరవాత గ్లాసు కింద పెట్టి, మిగిలిన ఆరింటిలో ఒకదాన్ని, అన్నిటికంటే బాగా కుదిరిందని తను మురిసిపోయినదాన్ని, నెమ్మదిగా తుడిచేశాడు.