ఎనిమిది దిక్కుల కాగితం

ప్రశ్న అడిగినవాళ్లకి వెంటనే జవాబు చెప్పే అలవాటు పేరయ్య పంతులుగారికి లేదు. భీమిలి గ్రంథాలయం మేడ మీద శనివారం సాయంత్రాలు పదిమందిమి ఆయన చుట్టూ చేరేవాళ్లం. ఎవరేమడిగినా ఆయన కళ్లద్దాలు తీసి, ఉత్తరీయం కొసతో నిదానంగా తుడుచుకుని, తనకు తెలిసిన మనిషి ఎవరికో జరిగిన సంగతి చెప్పి ఊరుకునేవారు.

ఒక శనివారం హైమవతిగారు అడిగారు. ఆవిడ ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ దగ్గర చదువుకున్న ఇద్దరు కలిసి కొబ్బరిపీచు కార్ఖానా పెట్టి, ఇప్పుడు విడిపోతూ, "టీచరుగారు ఏం చెబితే అది" అని ఆవిడ గుమ్మం ఎక్కారట.

"ఆ ఇద్దరిలో ఒకడంటే నాకు మొదటినుంచీ ముద్దు గురువుగారూ. పదేళ్లుగా మీ మాటలు వింటున్నాను, అయినా మనసు అటే ఒరుగుతోంది. అది తిన్నగా నిలబడేదాకా తీర్పు చెప్పనని వాళ్లతో అనేశాను. ఎలా నిలబెట్టుకోవాలో చెప్పండి."

పంతులుగారు కళ్లద్దాలు తుడుచుకుని గరికిన దానయ్య సంగతి ఎత్తుకున్నారు.

దానయ్య మా ఊరి గంగపుత్రుడే. సరుకు ఓడల మీద సరంగుగా పాతికేళ్లు తిరిగి వచ్చాడు. వచ్చాక తాళ్లరేవు వడ్రంగులచేత ఒక చిన్న తెరచాప పడవ కట్టించుకున్నాడు. ఆయన భార్య చిన్నమ్మి ఆ పాతికేళ్లూ ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూసిందే తప్ప ఏనాడూ దానిమీద ప్రయాణం చేయలేదు. ఆవిణ్ణి తెరచాప మీద కాకినాడదాకా తీసుకెళ్లాలని దానయ్య కోరిక. ఈశాన్యపు గాలి ఉండగానే వెళ్లాలి. మాఘం దాటితే గాలి ఎదురు తిరుగుతుంది.

పడవకు దిక్సూచి కావాలి. ఫోనులో దిక్కులు కనిపిస్తాయని అందరూ చెప్పారు. కానీ ఓడ మీద తాను రోజూ తుడిచిన ఇత్తడి దిక్సూచి లాంటిదే కావాలని దానయ్య పట్టుబట్టాడు. విశాఖలో, విరగ్గొట్టిన ఓడల సామాను అమ్మే ఒక కొట్లో దొరికింది. గిన్నెంత ఇత్తడి బుర్ర, పైన మసకబారిన గాజు, లోపల దిక్కులు రాసిన గుండ్రటి పళ్లెం. అది ఎటు తిప్పినా కదలడంలేదు.

"హాల్లో బీరువా మీద పెట్టుకోండి, అందంగా ఉంటుంది" అన్నాడు కొట్టువాడు.

"అందం నాకెందుకు బాబూ, దిక్కు కావాలి" అని తెచ్చుకున్నాడు.

విప్పి చూస్తే లోపల ఉండాల్సిన ద్రవం సగం ఆవిరైపోయింది. మిగిలింది టీ డికాక్షన్‌లా ఉంది. మూతకింది రబ్బరు పట్టీ ముట్టుకుంటే పొడిపొడి అయింది. పళ్లెం ఒక సూదిమొన మీద నిలబడి తిరుగుతుంది. ఆ మొన అరిగి మొద్దుబారిపోయింది. దానయ్య దాన్ని గడియారాల సాయిబుచేత సానబట్టించాడు. కొత్త పట్టీ కోసి, శుభ్రమైన ద్రవం నింపి బిగించాడు. మర్నాటికి గాజుకింద గాలిబుడగ కనిపించేది. మళ్లీ విప్పేవాడు. అలా పదకొండుసార్లు. చివరికి ఒక పొద్దున్న బుడగ లేదు. బల్ల మీద పెట్టి మెల్లిగా తిప్పితే పళ్లెం తేలుతూ వచ్చి ఉత్తరానికి నిలబడింది. చిన్నమ్మి వంటింట్లోంచి వచ్చి తనూ నాలుగుసార్లు తిప్పి చూసింది.

"ఏటి మావా, దీనికి కళ్లున్నాయేటి?" అంది.

పడవలో బిగించాకే తేడా తెలిసింది. ఉత్తరంగా పోతుంటే దిక్సూచి నిజమే చెప్పేది. తూర్పుకి తిరిగితే ఒక పక్కకి తప్పేది, పడమటికి తిరిగితే రెండో పక్కకి. దానయ్యకి నిద్రపట్టలేదు. దగ్గర్లో ఇనుముంటే దిక్సూచిని లాగుతుందని లంగరు ముందుకి జరిపాడు, పనిముట్ల పెట్టె తీసేశాడు. కొంత తగ్గింది, పోలేదు. అప్పుడు పడవ చెక్కల్లోని ఇనుపమేకులు అనుమానించి ఒక్కొక్కటే పీకి, రాగిమేకులు కొట్టడం మొదలుపెట్టాడు. పుష్యం అలాగే గడిచిపోయింది. పీకినచోట చెక్క చీలి నీరు ఊరసాగింది.

"నాకు దిక్కు సూపిత్తానని పడవనే ఇప్పేత్తున్నావు. నేనెక్కను పో" అంది చిన్నమ్మి. ఆ మాటకి ఆయన సుత్తి కింద పడేసి ఇసకలో కూలబడ్డాడు.

పోర్టులో ఓడల దిక్సూచులు సరిచూసే పని చేసిన రత్నంగారని ఒక పెద్దాయన ఉండేవారు. చిన్నమ్మే వెళ్లి ఆయన్ని పిలుచుకొచ్చింది. రత్నంగారు పడవంతా చూసి, "మేకులది పెద్ద పాపమేం కాదయ్యా. నీ ఇంజనుది" అన్నారు. రేవు దాటడానికి పెట్టుకున్న చిన్న డీజిల్ ఇంజను అది. తీసేస్తే రేవులోకి రావడమే కష్టం.

ఆయన దిక్సూచి పక్కన రెండు చిన్న అయస్కాంతపు కడ్డీలు అమర్చి తప్పును సగానికి తెచ్చారు. నీరూరే చోట్లు పూడ్చాక, గాలిలేని ఒక ఉదయం పడవను సముద్రంలోకి తీసుకెళ్లారు. ఒడ్డున లైట్‌హౌసు, దాని వెనక పావురాళ్లకొండ ఒకే గీతలో కనిపించే చోట, పడవ ముక్కును ఎనిమిది దిక్కులకీ తిప్పించారు. ఆ గీత నిజంగా ఏ దిక్కున ఉందో మ్యాపులో ఉంది. దిక్సూచి ఏమంటోందో చూసి, తేడా ఏ పక్కకి ఎన్ని డిగ్రీలో ఒక అట్టకాగితం మీద రాసుకున్నారు. ఉత్తరానికి సున్నా, ఈశాన్యానికి ఆరు, తూర్పుకి తొమ్మిది, అలా చుట్టూ.

"అయితే తప్పు పోలేదన్నమాట" అన్నాడు దానయ్య దిగులుగా.

"పోలేదు. ఎక్కడుంటోందో తెలిసింది" అని రత్నంగారు కాగితం ఆయన చేతిలో పెట్టారు.

మాఘం మొదటి వారంలో మొగుడూ పెళ్లాలు బయల్దేరారు. విశాఖ దగ్గరపడుతుంటే పొగమంచు దిగింది. ఒడ్డు మాయమైంది, తెరచాప కొస కూడా కనిపించలేదు. కుడివైపు ఎక్కడో యారాడ కొండ రాళ్లున్నాయి. దానయ్య చుక్కాని పట్టుకుని దిక్సూచి చూపిన నైరుతికే పోనిస్తున్నాడు. చిన్నమ్మి కాగితం కళ్లకి దగ్గరగా పట్టుకుంది.

"నైరుతికి ఏడు, ఎడంపక్కకి, మావా."

"ఎడమైతే నడిసంద్రంలోకి పోతామేమోనే. నాకు తిన్నగానే ఉన్నట్టుంది."

"నీకు తిన్నగానే ఉంటాది. కాగితంలో ఏడని ఉంది."

ఆయన చుక్కాని తిప్పాడు. గంట సేపు అలాగే పోనిచ్చాడు. కెరటాలు రాళ్లమీద విరుగుతున్న చప్పుడు కుడివైపు వినిపించి, వెనక్కి జరిగి, ఆగిపోయింది. మంచు విచ్చేసరికి కొండ వాళ్ల వెనకాల, దూరంగా, ఎండలో ఉంది. చిన్నమ్మి దాన్ని సముద్రంలోంచి చూడటం అదే మొదలు. పెద్దగా నవ్వేసిందట. మూడోరోజున కాకినాడ చేరారు.

పంతులుగారు ఆపేశారు.

"నేను ఎటు తిరిగితే ఎంత ఒరుగుతానో నాకు తెలియాలంటారు. ఇంటికెళ్లి కూర్చుని ఆలోచించుకుంటాను" అన్నారు హైమవతిగారు.

పంతులుగారు కళ్లద్దాలు పెట్టుకున్నారు.

"వాళ్లు పడవలో కూర్చుని ఆలోచించి రాసుకోలేదమ్మా, ఒడ్డును చూసి రాసుకున్నారు" అన్నారు.